పక్కవాద్యం జెస్సీ ఎడ్ డేవిస్

1971 ఆగస్టు 1. బంగ్లాదేశ్ శరణార్థుల కోసం రవిశంకర్ అడగ్గా జార్జ్ హారిసన్ న్యూయార్క్‌లో పెద్ద కచేరీ తలపెట్టాడు. అందులో వాయించాల్సిన గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ హెరాయిన్‌కు బానిసై ఉన్నాడు. వస్తాడో రాడో తెలియదు. ముందుజాగ్రత్తగా ఇంకో గిటారిస్టును పిలిపించారు. చివరికి క్లాప్టన్ వచ్చాడు. ఆయన రాకపోతే వాయించడానికి వచ్చిన జెస్సీ ఎడ్ డేవిస్ కూడా అదే వేదిక మీద వాయించాడు. ఆ రోజు క్లాప్టన్ని ఆపలేకపోయిన హెరాయిన్ తర్వాత డేవిస్‌ని విడిచిపెట్టలేదు.

డేవిస్ 1944లో ఓక్లహోమాలో పుట్టాడు. కయోవా, కొమాంచీ ఆదివాసుల బిడ్డ. తండ్రి చిత్రకారుడు. తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి 1968 నాటి తొలి ఆల్బమ్‌లో డేవిస్ స్లైడ్ గిటార్ వినాలి. గోటువాద్యం మీద కర్ర జారినట్టు స్వరం తెగకుండా సాగుతుంది. ఆ వాయింపు విన్నాకే గిటారిస్టు డ్యువేన్ ఆల్‌మన్ స్లైడ్ పట్టాడు. తర్వాత లోకమంతా ఆల్‌మన్‌నే పొగిడింది.

సెషన్ వాద్యకారుడి బతుకు అలాంటిదే. పిలిచిన స్టూడియోకి వెళ్తాడు, వాయిస్తాడు, ఆ పూట డబ్బు పుచ్చుకుంటాడు. పాట ఎన్నేళ్లు మోగినా రాయల్టీ సాధారణంగా అతనికి రాదు. గాయకుడు జాక్సన్ బ్రౌన్ పాట ‘డాక్టర్ మై ఐస్’లో గిటార్ సోలో డేవిస్‌దే. డిలన్, లెనన్ రికార్డుల్లోనూ వాయించాడు. 1971 నుంచి 1973 దాకా సొంతంగా మూడు ఆల్బమ్‌లు తెచ్చాడు. మొదటిదానికి అట్ట మీది బొమ్మ తండ్రే వేశాడు. అవి అమ్ముడుపోలేదు. నాకు అన్నిటికంటే బాధగా అనిపించేది ఇదే: ఇన్ని పాటలకు ప్రాణం పోసినవాడి సొంత పాటను జనం పట్టించుకోలేదు.

1975లో డేవిస్, రాడ్ స్టూవర్ట్ పాడే ఫేసెస్ బృందంతో అమెరికా అంతా తిరిగాడు. ఆ ఏడాది చివర బృందం విడిపోయింది. ఆ తర్వాత పిలుపులు తగ్గాయి, తాగుడూ హెరాయినూ పెరిగాయి. చికిత్సకు వెళ్లాడు, కోలుకున్నాడు, మళ్లీ పడ్డాడు.

ఒక్కసారి మాత్రం నిలదొక్కుకున్నాడు. భార్యనూ పిల్లలనూ అగ్నికి పోగొట్టుకుని కవిత్వం రాస్తున్న ఆదివాసీ ఉద్యమనేత జాన్ ట్రూడెల్ మాటలకు డేవిస్ సంగీతం కట్టాడు. 1986లో ‘గ్రాఫిటీ మ్యాన్’ క్యాసెట్‌గా వచ్చింది. దాన్ని డిలన్ ఆ ఏడాదికే ఉత్తమ ఆల్బమ్ అన్నాడు. డేవిస్ తన జాతి గొంతుకు జతగా వాయించిన పని అది. నా దృష్టిలో ఆయన చేసినవాటన్నిటిలో గొప్పది కూడా అదే.

1988 జూన్ 22న లాస్ ఏంజెలెస్ వెనిస్‌లో, ఒక అపార్ట్‌మెంట్ భవనంలో బట్టలుతికే గదిలో డేవిస్ శవమై కనిపించాడు. మత్తుమందు మోతాదు మించిందని అనుమానించారు. వయసు 43.

‘డాక్టర్ మై ఐస్’ ఎక్కడైనా వినిపిస్తే గిటార్ వచ్చేదాకా ఆగండి. వాయించింది జెస్సీ ఎడ్ డేవిస్ అని పక్కనున్నవాళ్లకు చెప్పండి.