పక్కా ఇల్లు చల్లని ఇల్లేనా? ఇంటి కప్పు, ఇన్సులేషన్: ఒక చారిత్రక పరిశీలన

మన ప్రిపరేషన్‌లో గృహనిర్మాణం అంటే పథకాల పేర్లు, ప్రారంభ తేదీలు, లబ్ధిదారుల సంఖ్య. ఆ ఇంట్లో మే నెల మధ్యాహ్నం మనిషి ఉండగలడా అన్న ప్రశ్న నోట్సులోకి రాదు. 2015 వేసవి వడగాలులకు దేశంలో 2 వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రజలే. కాబట్టి ఇది మనకు పక్కింటి సమస్య కాదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ఒక్కటే: స్వతంత్ర భారతదేశం పేదవాడి ఇంటిని గట్టిదనంతో కొలిచింది, వేడితో కొలవలేదు. ఇక రెండో కొలత కూడా కావాలి.

పాత ఇళ్లకు తెలిసిన సూత్రం

ఇన్సులేషన్ అంటే వేడి ప్రయాణాన్ని నెమ్మదింపజేయడం. కదలకుండా నిలిచిన గాలి వేడిని సరిగా మోయలేదు. అందుకే గాలిని చిన్న చిన్న ఖాళీల్లో బంధించే గడ్డి, ఊక, ఉన్ని, థర్మోకోల్ అన్నీ ఇన్సులేషన్ పదార్థాలే.

ఉత్తరాంధ్ర చుట్టిళ్లను చూడండి. మందపాటి మట్టి గోడ, దాన్ని ఎండ తాకకుండా బాగా కిందికి దిగిన గడ్డి లేదా తాటాకు కప్పు. లద్దాఖ్‌లో ఇదే సూత్రం చలికి పనికొచ్చింది. అక్కడ మట్టి ఇటుకల గోడలు, చలికాలం కోసం మేడ మీద పేర్చిన పశుగ్రాసం కలిసి వేడిని బయటికి పోనివ్వవు. మద్రాసు టెర్రస్‌ది కొంచెం వేరే దారి. టేకు దూలాల మీద నిలువుగా పేర్చిన ఇటుకలు, వాటిపై సున్నపు కాంక్రీటు, ఆపైన పలక పెంకులు. ఈ బరువైన కప్పు వేడిని పూర్తిగా ఆపదు, లోపలికి రావడాన్ని గంటల తరబడి ఆలస్యం చేస్తుంది.

1833: మంచుకు దక్కిన రక్షణ

1833 మేలో ఫ్రెడరిక్ ట్యూడర్ అనే అమెరికన్ వ్యాపారి మంచుగడ్డలతో టస్కనీ అనే ఓడ బోస్టన్ నుంచి బయలుదేరింది. సెప్టెంబరులో కలకత్తా చేరింది. బయలుదేరినప్పుడు సుమారు 180 టన్నులు, చేరేసరికి సుమారు 100 టన్నులు. నాలుగు నెలల ప్రయాణం, భూమధ్యరేఖను రెండుసార్లు దాటడం, అయినా సగానికి పైగా మిగిలింది. యంత్రం లేదు, కరెంటు లేదు. కాపాడింది ఓడ అడుగున పలకల వెనక దట్టించిన పొట్టు, గడ్డి వంటి పొరలే.

ఆ మంచు కోసం మద్రాసులో కట్టిన ఐస్ హౌస్ ఈనాటికీ మెరీనా తీరంలో ఉంది. 1897లో స్వామి వివేకానంద బస చేసిన ఆ భవనమే ఇప్పటి వివేకానందర్ ఇల్లం. చరిత్ర విద్యార్థిగా గమనించాల్సింది ఇది: ఇన్సులేషన్ విజ్ఞానం మన రేవుల్లో అప్పటికే పనిచేస్తోంది. కానీ అది కాపాడింది దొరల, సంపన్నుల పానీయాల్లోకి వెళ్లే మంచును.

1977 తర్వాత పక్కా ఇల్లు

అలాగని పూరింటిని ఆకాశానికెత్తడం తప్పు. పూరిల్లు అగ్గిపుల్లకు భయపడుతుంది, గాలివానకు లేచిపోతుంది. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెనలో అధికారిక లెక్క ప్రకారమే సుమారు 10 వేల మంది చనిపోయారు. 1979లో ఉమ్మడి రాష్ట్రంలో గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన, 2016లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ్ వచ్చాయి. గట్టి కప్పు ప్రాణాలు కాపాడింది, ఇందులో సందేహం లేదు.

అయితే ఈ క్రమంలో పక్కా అన్న మాటకు మన్నిక అన్న అర్థమే స్థిరపడింది. గ్రామీణ్ పథకంలో పక్కా ఇల్లంటే మామూలు నిర్వహణతో కనీసం 30 ఏళ్లు నిలిచేది. లోపలి ఉష్ణోగ్రత ప్రస్తావన ఆ కొలతలో లేదు.

ఒక చిన్న లెక్క

కాంక్రీటు ఉష్ణవాహకత సుమారు 1.58, ఎండుగడ్డిది సుమారు 0.07. అంటే కాంక్రీటు 20 రెట్లకు పైగా వేడిని మోస్తుంది. 150 మిల్లీమీటర్ల స్లాబు యూ-విలువ సుమారు 3.8 వస్తుంది. ఇది ప్రతి చదరపు మీటరు నుంచి, ప్రతి డిగ్రీ తేడాకు దిగే వేడి, వాట్లలో. ఆవాస్ యోజన గ్రామీణ్ ఇంటి కనీస విస్తీర్ణం 25 చదరపు మీటర్లు. ఎండ ప్రభావంతో కలిపి పైన 60 డిగ్రీలు, లోపల 35 అనుకుంటే, కప్పు నుంచి దిగే వేడి దాదాపు 2,400 వాట్లు. నెత్తిమీద రెండు రూమ్ హీటర్లు పెట్టుకున్నట్టే. అదే స్లాబు మీద 25 మిల్లీమీటర్ల థర్మోకోల్ తరహా పొర, దానిపై వాటర్‌ప్రూఫింగ్ వేస్తే యూ-విలువ సుమారు 1కి పడిపోతుంది, వేడి సుమారు 640 వాట్లకు తగ్గుతుంది.

చట్టం ఎవరిని చేరింది?

2001 ఇంధన పొదుపు చట్టం కింద 2007లో ఈసీబీసీ వచ్చింది, కానీ అది వాణిజ్య భవనాలకు. ఇళ్ల కోసం 2018లో ఎకో నివాస్ సంహిత వచ్చింది. కప్పు యూ-విలువ 1.2 దాటకూడదని చెప్పింది, కానీ 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లోని కట్టడాలకే. 2022 సవరణ నివాస భవనాలను కూడా చట్ట పరిధిలోకి తెచ్చింది, అదీ ప్రధానంగా పెద్ద సముదాయాలనే. చట్టం పెద్ద ఇంటి దగ్గర ఆగింది, సబ్సిడీ చిన్న ఇంటికి వెళ్లింది. రెండూ కలుసుకోలేదు. రేకుల ఇల్లు ఈ రెంటికీ బయటే ఉండిపోయింది.

ప్రయత్నాలు లేవని కాదు. 2019 ఇండియా కూలింగ్ యాక్షన్ ప్లాన్ 2037-38 నాటికి శీతలీకరణ డిమాండ్‌ను 20-25% తగ్గించాలంది. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఇక్కడ ప్రిలిమ్స్ కోణంలో ఒక తేడా గుర్తుంచుకోండి: కూల్ రూఫ్ ఎండను తిప్పికొడుతుంది, ఇన్సులేషన్ లోపలికి దిగే వేడిని అడ్డుకుంటుంది. రెండూ ఒకటి కావు.

ముందున్న దారి

ఇన్సులేషన్ ఉన్న ఇంట్లో ఏసీ చిన్నది సరిపోతుంది, కరెంటు బిల్లు తగ్గుతుంది, సాయంత్రం గ్రిడ్‌పై ఒత్తిడి తగ్గుతుంది. కానీ అసలు ప్రయోజనం ఏసీ లేనివారికే, ఎందుకంటే వారికి కప్పు తప్ప వేరే రక్షణ లేదు. పరిమితులూ రాయాలి: రాత్రి గాలి ఆడకపోతే వేడి లోపలే చిక్కుతుంది, ఉక్కపోత ఎక్కువగా ఉండే తీరంలో కిటికీలు అంతే ముఖ్యం. ఖర్చు తగ్గించే దారులున్నాయి. లారీ బేకర్ కేరళలో ప్రాచుర్యంలోకి తెచ్చిన ర్యాట్ ట్రాప్ గోడ మధ్యలో గాలి ఖాళీ వదులుతుంది, ఇటుకలనూ మిగులుస్తుంది.

ప్రభుత్వ ఇంటి మంజూరులో పునాది, గోడ, స్లాబు దశలకు బిల్లులు వస్తాయి. కప్పు ఇన్సులేషన్‌ను కూడా ఒక దశగా చేర్చడం కొత్త చట్టం అక్కర్లేని సంస్కరణ. ఉప్పెన మనకు గట్టి కప్పు అవసరాన్ని నేర్పింది. వడగాలి నేర్పుతున్న పాఠం కూడా అదే ఇంటికి చేరాలి.

సాధన ప్రశ్న (250 పదాలు): "భారతదేశంలో పక్కా ఇంటి నిర్వచనం మన్నికకే పరిమితమైంది." వడగాలుల నేపథ్యంలో చర్చించండి.