గోళ్ళరంగు సీసాలో మందుగుండు

నెయిల్ పాలిష్ సీసా మీదుండే సన్నక్షరాలు ఎప్పుడైనా చదివారా? ఈథైల్ ఎసిటేటు, బ్యూటైల్ ఎసిటేటుల పక్కన నైట్రోసెల్యులోజ్ అని కనిపిస్తుంది. దీని పూర్వాశ్రమం పేరు గన్ కాటన్. అంటే, అచ్చంగా మందుగుండే!

స్విట్జర్లాండులో బాసెల్ ప్రొఫెసరు షోన్‌బైన్ దూదిని నత్రికామ్లం, గంధకామ్లం కలిపి అందులో ముంచి, 1846లో దీన్ని లోకానికి చాటాడు. (ఒలికిన యాసిడ్ని వాళ్ళావిడ ఏప్రన్‌తో తుడిచి ఆరేస్తే భగ్గుమందని ఓ కథ ఉంది లెండి. నాకు పెద్ద నమ్మకం లేదు.) మరుసటి ఏడే ఇంగ్లండులోని ఫావర్‌షామ్‌లో దీన్ని తయారుచేసే ఫ్యాక్టరీ పేలి ఇరవై మంది దాకా పోయారు. దూదిపోగుల్లో మిగిలిపోయిన యాసిడే కొంప ముంచుతోందని, మెత్తగా నలగ్గొట్టి బాగా కడిగితే నిలకడగా ఉంటుందని ఫ్రెడరిక్ ఏబెల్ దారి చూపేసరికి 1865 వచ్చింది.

నైట్రోజన్ 13 శాతం దాటితే గన్ కాటన్. 12 దగ్గర ఆపితే ద్రావకాల్లో కరిగి, ఆరాక గాజులా మెరిసే పొర. అంటే, తేడా ఒక్క శాతమే! 1870లో అమెరికాలో హయట్ సోదరులు దీనికి కర్పూరం (అవును, మనం హారతిచ్చేదే) కలిపి సెల్యులాయిడ్‌కి పేటెంటు తీసుకున్నారు. తర్వాత సినిమా రీళ్ళూ దీంతోనే చేశారు. పూణేలో 2003 జనవరిలో తగలబడిపోయిన పాత రీళ్ళు ఈ జాతివే. 1920లలో డూపాంట్ వాళ్ళ డ్యూకో పేరుతో కార్లకెక్కింది. 1932లో న్యూయార్కులో రెవ్సన్ సోదరులు, లాక్‌మన్ అనే కెమిస్టు కలిసి రెవ్లాన్ పెట్టి చిక్కటి గోళ్ళరంగులు అమ్మారు. ఆ పేరు మధ్యలో 'ల' లాక్‌మన్‌దే.

ఉత్త నైట్రోసెల్యులోజ్ గోటిని గట్టిగా పట్టుకోదు, పెళుసుగా ఊడిపోతుంది. అందుకని టోసిలమైడ్ ఫార్మాల్డిహైడ్ రెసిన్ అనే కృత్రిమ పాలిమర్ కలిపారు. మా భాషలో పాత కోడుకి ప్యాచ్ అన్నమాట. పట్టు, మెరుపు వచ్చాయి, కొందరికి ఎలర్జీ కూడా వచ్చింది. తమాషా ఏంటంటే, రంగేసింది గోళ్ళకైతే దురద కనురెప్పలకీ మెడకీ! చేతులు అస్తమానూ అక్కడికే పోతాయి, రెప్పల చర్మమేమో పల్చన.

ఇంతకీ 'త్రీ ఫ్రీ' అని రాసున్న సీసా కొంటే సరిపోతుందా? ఆ మూడూ టాల్యూయిన్, ఫార్మాల్డిహైడ్, డైబ్యూటైల్ థాలేటు. రెసిన్ ఆ లెక్కలోకి రాదు. 'ఫైవ్ ఫ్రీ'లో సాధారణంగా అదీ, కర్పూరమూ తీసేస్తారు. రెప్పలు ఊరికే దురదపెట్టే వాళ్ళు కాటుకని తిట్టేముందు ఆ సన్నక్షరాల్లో టోసిలమైడ్ ఉందేమో వెతకండి. చర్మం డాక్టరు దగ్గర ప్యాచ్ టెస్టు చేయిస్తే సంగతి తేలిపోతుంది.