మోటారు సైకిలు పక్క స్టాండు - దాని రక్షక స్విచ్చి

రెండు చక్రముల బండి నడచుచున్నంతసేపు నిలుచును, ఆగినచో ఒరిగిపోవును. అందుచేత ఆగిన బండికి ఆధారము కావలెను. 1885లో జర్మనీలో డైమ్లర్, మైబాహ్ అనువారు నిర్మించిన పెట్రోలు ద్విచక్ర వాహనమునకు ఇరుప్రక్కల రెండు చిన్న చక్రములు ఉండెను. తరువాతి బండ్లలో అవి పోయి స్టాండులు వచ్చెను. వానిలో బండిని ఒక ప్రక్కకు ఒరిగించి నిలుపునది పక్క స్టాండు.

ఇది సాధారణముగా ఎడమవైపున ఉండును. కాలితో నెట్టిన దిగును, మరల నెట్టిన ముడుచుకొనును. ఈ సులభత్వము వెనుకనే అపాయమును కలదు. స్టాండు ఎత్తుట మరచి బయలుదేరినను తిన్నని దారిలో ఏమియు తెలియదు. ఎడమకు మలుపు తిరుగునప్పుడు బండి ఎడమకే ఒరుగును. అప్పుడు స్టాండు కొన నేలను తాకి బండిని పైకెత్తును. చక్రమునకు నేలపై పట్టు తప్పును; నడుపువాడు పడిపోవును.

ఈ మరపునకు విరుగుడు మూడు విధముల వెదకబడినది. మొదటిది, నేలను తాకిన స్టాండు దానంతట అది ముడుచుకొనునట్లు చేయుట. ముందునకు సాగు బండి స్టాండు నేలకు తగిలినచో వెనుకకు, పైకి మడగవలెనని అమెరికాలో 1974 సెప్టెంబరు నుండి నిబంధన అమలైనది. కొన్ని జపాను బండ్లలో ఇందుకై స్టాండు కొనకు రబ్బరు ముక్క అమర్చిరి.

రెండవది, స్టాండును యంత్రమే ఎత్తుట. బరువు తొలగగానే స్ప్రింగు స్టాండును లాగివేయు ఏర్పాటు కొన్ని బండ్లలో ఉండెను. కాని ఆగిన బండి కొంచెము కదిలినను స్టాండు ముడుచుకొని బండి కూలెడిది. 1983లో వెలువడిన బీఎండబ్ల్యూ కే 100లో క్లచ్చి పట్టగానే స్టాండు లేచునట్లు లంకె కల్పించిరి.

మూడవది విద్యుత్ స్విచ్చి. స్టాండు దిగియుండగా గేరు వేసి క్లచ్చి వదలినచో, నిప్పురవ్వ పుట్టించు విద్యుద్వలయము తెగి ఇంజను ఆగును. న్యూట్రల్‌లో మాత్రము పలు బండ్లలో ఇంజను నడుచును. గేర్లు లేని స్కూటరు, పిడి త్రిప్పిన చాలును, కదలును. కనుక దానిలో స్టాండు దిగియుండగా ఇంజను అసలు రాజుకొనకుండ చేయుదురు. 1993 నాటి ఐరోపా ఆదేశము, స్టాండు తానుగా ముడుచుకొనుటను గాని, ఇంజనుతో బండి కదలకుండుటను గాని అంగీకరించినది. భారతదేశములో 2019 సెప్టెంబరున వచ్చిన హోండా ఆక్టివా 125 స్కూటరులో ఈ స్విచ్చి కలదు.

ఈ స్విచ్చి కూర్పులో ఒక నీతి ఇమిడియున్నది. చాల బండ్లలో స్టాండు ఎత్తినప్పుడే వలయము పూర్తియగును. కావున తీగ తెగినను, బురద చేరి స్విచ్చి చెడినను, బండి కదలదు. లోపము అపాయముగా మారదు. దీనిని విసుగుగా భావించి కొందరు రెండు తీగలను కలిపివేసి స్విచ్చిని తప్పింతురు. అంతటితో బండి నడుచును. కాని మరపును కనిపెట్టి యుండిన కాపలా పోవును. స్విచ్చిని శుభ్రపరచుట, చెడినచో మార్చుట స్వల్పమైన పని. ఎడమ మలుపులో ఆ లోటు తీర్చుటకు మాత్రము సమయముండదు.