సినిమాకు ముందు పడే బొమ్మ

ఇలా దగ్గరికి జరగండర్రా, సెగ తగిలేలా కూర్చోండి. పొద్దుటి నుంచీ ఆ ఫోన్లు పట్టుకుని షార్ట్ ఫిల్మ్ అంటూ చేల గట్లంట తిరుగుతున్నారుగా, మీరు తెలుసుకోవాల్సిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు ప్రమోద్ పతి. 1932లో ఒడిశాలో పుట్టాడు. బొంబాయిలో ప్రభుత్వ ఉద్యోగం చేస్తూ చిన్న చిన్న బొమ్మలు తీశాడు. నాలుగు నిమిషాలది ఒకటి, ఐదు నిమిషాలది ఒకటి, ఏడు నిమిషాలది ఒకటి. అంతే. కానీ వాటిని చూసినవాళ్ళు ఇవాళ్టికీ మాట్లాడుకుంటున్నారు.

ఆయన సంగతి చెప్పే ముందు ఆనాటి హాళ్ళ సంగతి చెప్పాలి. మా ఊరి టాకీసులో ఆపరేటర్ గారికి చెయ్యందిస్తూ రీళ్ళు చుట్టిన రోజులవి. గంట కొట్టగానే పెద్ద సినిమా మొదలయ్యేది కాదు. ముందు ఫిలిమ్స్ డివిజన్ వాళ్ళ న్యూస్ రీలు, డాక్యుమెంటరీ పడాలి. అది హాలు లైసెన్సులోనే ఉన్న షరతు. ప్రతి ఆటకూ 2,000 అడుగుల దాకా, అంటే ఇరవై నిమిషాల పైచిలుకు, వాళ్ళ బొమ్మ వెయ్యాలి. వేసినందుకు హాలువాళ్ళే నికర వసూళ్ళలో నూటికి రూపాయి చొప్పున వాళ్ళకు కట్టాలి. దేశమంతటా ఇదే పద్ధతి. మనకు తెలుగు వ్యాఖ్యానంతో వచ్చేవి.

ఆనకట్టలు, ఎరువులు, శంకుస్థాపనలు, కుటుంబ నియంత్రణ. జనానికి విసుగ్గా ఉండేది. ‘ఇంకా డాక్యుమెంటరీయేరా, అసలుది పడలేదు’ అని బయట వేరుశనక్కాయలు కొనుక్కుంటూ నిలబడేవాళ్ళు. నేలా బెంచీలూ సగం ఖాళీ. నేను మాత్రం క్యాబిన్ కిటికీలోంచి అన్నీ చూసేవాణ్ణి. ఆ రీళ్ళలోనే ఒక్కోసారి వింతగా, కొత్తగా ఏదో మెరిసేది. అది ఎక్కణ్ణుంచి వస్తోందో చాలా ఏళ్ళ తర్వాత ఫిల్మ్ సొసైటీ ఆటల్లో పతి గారి బొమ్మలు చూశాక అర్థమైంది.

ఫిలిమ్స్ డివిజన్ 1948లో పెట్టారు. అందులో కార్టూన్ విభాగం ఒకటి ఉండేది. డిస్నీ కంపెనీలో పనిచేసిన క్లెయిర్ వీక్స్ అనే ఆయన 1956లో వచ్చి మనవాళ్ళకు బొమ్మలు కదిలించడం నేర్పాడు. పతి గారు చెకోస్లోవేకియా వెళ్ళి యిర్జీ త్రింకా అనే మహానుభావుడి దగ్గర నేర్చుకున్నాడు. కొయ్యబొమ్మను ఒక్క పిసరు కదపడం, ఒక్క ఫ్రేము తియ్యడం, మళ్ళీ కదపడం, మళ్ళీ తియ్యడం. ఆ ఓపిక అక్కడ అబ్బింది.

రీళ్ళు చుట్టినవాణ్ణి, ఆ కష్టం నాకు తెలుసు. సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు. నిమిషానికి 1,440. ఐదు నిమిషాల బొమ్మ అంటే 7,200. మామూలుగా కెమెరా తిప్పితే అవి వాటంతటవే పడిపోతాయి. ఒక్కో ఫ్రేమూ విడిగా తియ్యాలంటే మాత్రం, వరి నాట్లలో ఒక్కో మొక్కా వంగి పెట్టినట్టే.

మన ‘మాయాబజార్’ 1957లో వచ్చినప్పుడు వస్తువులు వాటంతటవే కదులుతుంటే నోళ్ళు తెరుచుకుని చూశాం. పతి గారు వస్తువులతోనే ఆగలేదు. మనిషినే బొమ్మను చేసి కదిలించాడు. మనిషిని కదలకుండా నిలబెట్టి ఒక ఫ్రేము, ఒక్క అంగుళం జరిపి ఇంకో ఫ్రేము. తెర మీద చూస్తే ఆ మనిషి నడవడు, నేల మీద జారిపోతుంటాడు, ఉన్నచోట మాయమై ఇంకోచోట తేలతాడు. దీన్ని పిక్సిలేషన్ అంటారు. కెనడాలో నార్మన్ మెక్‌లారెన్ 1952లో ‘నైబర్స్’ అనే బొమ్మ ఇలాగే తీసి ఆస్కార్ అందుకున్నాడు. పతి గారు 1972లో తీసిన ‘ఆబిద్’ కూడా అలాంటిదే. అందులో ఉన్నది ఆబిద్ సుర్తీ, బహాదూర్ కామిక్స్ సృష్టించిన చిత్రకారుడు. గది గోడల మీదా నేల మీదా రంగులు పరుచుకుపోతుంటాయి, చిత్రకారుడు తన చిత్రంలోనే తిరుగుతుంటాడు. ఒక కళాకారుడి గురించి వ్యాఖ్యానం చెప్పకుండా అతని తలలోకే మనల్ని తీసుకుపోయాడన్నమాట.

1968 నాటి ‘ఎక్స్‌ప్లోరర్’ ఇంకా గట్టిది. అందులో వ్యాఖ్యానమే లేదు. నాట్యమాడే కుర్రకారు, ప్రయోగశాలలు, పూజలు, అన్నీ ఒకదాని మీద ఒకటి విరుచుకు పడతాయి. దానికి తోడు విజయ రాఘవరావు గారి సంగీతం. ఆయన పేరుపడ్డ వేణువు విద్వాంసుడు, అయినా ఈ బొమ్మల కోసం కొత్త కొత్త ధ్వనులు వెతికాడు. ఆ రోజుల్లో ఈ దేశపు కుర్రవాడి బుర్రలో పాతకూ కొత్తకూ ఎంత పెనుగులాట ఉందో ఏడు నిమిషాల్లో కళ్ళకు కట్టింది.

ప్రభుత్వ ఆఫీసులో ఇదెలా సాగిందంటారా? ఒక్కడి వల్ల కాదు. పారిస్‌లో యునెస్కోలో పనిచేసిన జీన్ భావ్‌నగరీ 1965లో సలహాదారుగా వచ్చి రెండేళ్ళ పాటు అండగా నిలిచాడు. కొత్తగా ఆలోచించే వాళ్ళను వెతికి, తియ్యండి, నేనున్నానన్నాడు. ఆ రోజుల్లోనే ఎస్.ఎన్.ఎస్. శాస్త్రి స్వాతంత్ర్యం వచ్చిన రోజున పుట్టిన పిల్లల్ని పలకరించి ‘ఐ యామ్ ట్వంటీ’ తీశాడు. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుస్సేన్ రాజస్థాన్ వెళ్ళి తీసిన చిన్న బొమ్మకు 1967లో బెర్లిన్‌లో బంగారు ఎలుగుబంటి వచ్చింది. పై వాడు నమ్మితే కింది వాడు ఎంత ఎత్తుకు పోగలడో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. పతి గారు ఆఫీసు పని ఎగ్గొట్టి కళ చెయ్యలేదు. కుటుంబ నియంత్రణ మీద తియ్యమంటే, అందులోనే కొత్త దారి తొక్కాడు. ‘సిక్స్ ఫైవ్ ఫోర్ త్రీ టూ’ అని తీసినా, ‘క్లాక్స్‌ప్లోజన్’ అని రెండు నిమిషాల ముక్క తీసినా, ప్రచారంలోనూ ప్రయోగం చేశాడు. అప్పజెప్పిన పనిని చిన్నచూపు చూడలేదు. నాకు ఆయన మీద గౌరవమంతా అందుకే.

1975లో పోయాడు. నలభై నాలుగేళ్ళు కూడా నిండలేదు. ముంబైలో జరిగే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్‌ల ఉత్సవంలో ప్రయోగాత్మక చిత్రానికి ఆయన పేరు మీద అవార్డు ఇస్తున్నారు. ఆయన బొమ్మలు ఇప్పుడు మీ ఫోన్లోనే దొరుకుతాయి, రేపు కూర్చుని వరసగా చూడండి.

చూశాక మీ బొమ్మ జోలికి వెళ్ళండి. ఐదు నిమిషాలే కదా అని తేలిగ్గా తియ్యకండి. పెద్ద సినిమా తియ్యడానికి ముందు చేసే సాధన అని కూడా అనుకోకండి. హాల్లో సగం మంది బయట ఉన్నప్పుడు పడే బొమ్మ కోసం ఆయన ప్రతి ఫ్రేముకూ అంత శ్రద్ధ పెట్టాడు. ఎంతమంది చూస్తారో లెక్కవేసుకుని పెట్టే శ్రద్ధ శ్రద్ధే కాదర్రా.