కడప అంటే గండికోట ఒక్కటేనా? పెన్న వెంట ఒక జిల్లా చరిత్ర

ఈ రోజు ఎపిసోడ్ కడప జిల్లా గురించి. మన ఫోన్లలో కడప అంటే ఒకటే బొమ్మ. గండికోట లోయ అంచున ఒకాయన కూర్చుని ఉంటాడు, డ్రోన్ మెల్లగా వెనక్కి వెళ్తుంది, కింద 'ఇండియా గ్రాండ్ క్యాన్యన్' అని రాసి ఉంటుంది. 30 సెకన్లలో కడప అయిపోయింది. నాకు ఆ పేరుతోనే పేచీ. గండి అంటే కొండని కోసుకుంటూ నది చేసుకున్న దారి. ఆ గండి మీద కట్టిన కోట కాబట్టి గండికోట. ఆ ఊరు ఏంటో, కోట అక్కడే ఎందుకు ఉందో పేరే చెప్తోంది. అరువు పేరు తగిలిస్తే ఆ సమాచారం పోతుంది.

కడప అన్న పేరూ అంతే. తిరుమల కొండకి గడప లాంటి ఊరు కాబట్టి కడప అయిందని జనం చెప్పుకుంటారు. అందుకే తిరుపతికి వెళ్ళేవాళ్ళు ముందు దేవుని కడపలో వెంకటేశ్వరుణ్ణి దర్శించుకునే ఆనవాయితీ. ఉగాది రోజు ఆ గుడికి ముస్లింలు కూడా వచ్చి కొబ్బరికాయ కొడతారు. అదే ఊళ్ళో అమీన్ పీర్ దర్గాకి హిందువులు వెళ్తారు. ఇక్కడ ఇది ఎవరూ స్టేజీ ఎక్కి చెప్పే విషయం కాదు, మామూలుగా జరిగిపోయేది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఎర్రగుంట్ల దగ్గర కలమళ్ళ అని ఒక పల్లె ఉంది. అక్కడ చెన్నకేశవ స్వామి గుడి ఆవరణలో దొరికిన శాసనం రేనాటి చోళుడు ధనంజయుడిది, సుమారు క్రీ.శ. 575 నాటిది. మనకి తెలిసినంతలో తెలుగులో రాసిన మొట్టమొదటి శాసనం ఇదే. అంతకు ముందు తెలుగు నేల మీద రాజులు ప్రాకృతంలో, సంస్కృతంలో రాయించేవారు. తెలుగు మాటలు అక్కడక్కడా ఊరి పేర్లుగా, మనుషుల పేర్లుగా మాత్రమే కనిపించేవి. రేనాటి చోళులు పెద్ద సామ్రాజ్యమేమీ కాదు. కానీ జనం మాట్లాడే భాషలోనే ఆజ్ఞ రాయిద్దాం అనుకున్నది వాళ్ళు. మనం ఇప్పుడు చదువుతున్న ఈ లిపికి, ఈ వాక్యానికి రాతలో దొరికే మొదటి మెట్టు అది. గండికోటకి వెళ్ళే వేలమందిలో కలమళ్ళకి బండి తిప్పేవాళ్ళు ఎంతమంది ఉంటారంటారు?

సరే, గండికోటకే వెళ్దాం. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన చోట దాదాపు 300 అడుగుల లోతు గండి. ఒక వైపు నదే కందకం, మిగతా వైపులకి మాత్రమే గోడ కట్టుకుంటే చాలు. విజయనగర కాలంలో ఇది పెమ్మసాని నాయకుల చేతిలో ఉండేది. 17వ శతాబ్దం మధ్యలో గోల్కొండ తరఫున మీర్ జుమ్లా దీన్ని పట్టుకున్నాడు. ఇరాన్ నుంచి వచ్చి, వజ్రాల వ్యాపారం చేసి, గోల్కొండ వజీరు దాకా ఎదిగినవాడు. 1652లో టావెర్నియర్ అనే ఫ్రెంచి నగల వ్యాపారి అతన్ని కలవడానికి ఇక్కడిదాకా వచ్చి, తన యాత్రా గ్రంథంలో కోట గురించి రాశాడు.

లోపల మాధవరాయ స్వామి గుడి, రంగనాథ స్వామి గుడి, జుమ్మా మసీదు, దాని పక్కనే ధాన్యాగారం ఉన్నాయి. నన్నడిగితే ముందు ధాన్యాగారం చూడండి. ముట్టడి వచ్చినప్పుడు కోట నిలబడేది ఫిరంగులతో కాదండీ, లోపల ఎన్నాళ్ళకి సరిపడా గింజలు, నీళ్ళు ఉన్నాయన్నదాని మీద.

పెన్న వెంట కిందికి వస్తే పుష్పగిరి, తర్వాత సిద్ధవటం. 1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఇంగ్లీషు కంపెనీకి అప్పజెప్పాడు. అందుకే దత్తమండలం అన్న పేరు వచ్చింది. రాయలసీమ అన్న పేరు 1928లో చిలుకూరి నారాయణరావు గారు పెట్టారు. కంపెనీ తరఫున థామస్ మన్రో 1800 నుంచి 1807 దాకా ఇక్కడ కలెక్టరు. పాలెగాళ్ళని అణిచి, రైతు పేరు మీదే నేరుగా శిస్తు కట్టించే రైత్వారీ పద్ధతిని ఇక్కడ స్థిరపరిచాడు. ఆ తర్వాత కొన్నేళ్ళు జిల్లా కచేరీ సిద్ధవటంలోనే నడిచింది. నది ఒడ్డున కోట ఇప్పటికీ ఉంది. దగ్గర్లోనే ఒంటిమిట్ట కోదండరామాలయం. రాష్ట్రం విడిపోయాక ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అధికారికంగా రాములవారి కల్యాణం చేసేది ఇక్కడే, అదీ రాత్రి పూట.

1820లో సి.పి. బ్రౌన్ ఉద్యోగం మీద కడపకి వచ్చాడు. తర్వాత ఇక్కడే బంగళా కొని, పండితులకి సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్రాలు సేకరించి రాయించాడు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి కాబట్టి నాకు ఇలా అర్థమైంది: ఒకే ఫైలుకి పది కాపీలున్నాయి, ప్రతి దాంట్లో ఎవరో ఏదో మార్చారు. వాటన్నిటినీ పక్కపక్కన పెట్టి ఒక సరైన పాఠం తేల్చాలి. ఆ పని కంప్యూటరు లేకుండా, చెదలు తిన్న ఆకుల మీద చేశారు. ఆ బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి పట్టుదల వల్ల బ్రౌన్ గ్రంథాలయం వచ్చింది.

చివరిగా రెండు మాటలు. 1900 తర్వాత ఎవరికీ కనపడక అంతరించిపోయిందనుకున్న కలివికోడి, 1986లో ఈ జిల్లాలోనే లంకమల చిట్టడవుల దగ్గర మళ్ళీ దొరికింది. ఆ ముళ్ళపొదల్ని మనం బంజరు అంటాం, దానికి అదే ఇల్లు. అలాగే గండికోట జలాశయం, 26.85 టీఎంసీలు. కరువు సీమకి ఆ నీళ్ళు కావాలి, అందులో అనుమానం లేదు. కానీ ఆ నీళ్ళ కోసం 2020లో తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. మన డ్రోన్ షాట్‌కి కొంచెం అవతల జనం ఇల్లూ వాకిలీ వదిలిన చరిత్ర కూడా ఉంది.

వెళ్ళాలనుకుంటే అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు వెళ్ళండి, ఎండ తట్టుకోగలం. రెండు రోజులు పెట్టుకోండి: ఒక రోజు కలమళ్ళ, గండికోట, రెండో రోజు బ్రౌన్ గ్రంథాలయం, సిద్ధవటం, ఒంటిమిట్ట. లోయ అంచున రాళ్ళు జారతాయి, సెల్ఫీ కోసం అంచుదాకా పోకండి. మీ ఊళ్ళో కూడా గుడి పక్కన ఒక రాయి మీద అక్షరాలుంటే దాని మీద సున్నం వెయ్యనివ్వకండి. ఎవరికి తెలుసు, అందులో ఏముందో. ఉంటానండి.