ఢిల్లీ చలికాలపు దిగులుకు లైట్ థెరపీ ల్యాంప్: ఎవరికి, ఎంత, ఎలా?

హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో చదువుకో ఉద్యోగానికో ఢిల్లీ వెళ్లినవారిని తొలి శీతాకాలంలో ఇబ్బంది పెట్టేది చలి ఒక్కటే కాదు, వెలుతురు తగ్గిపోవడం కూడా. డిసెంబరు 21 ప్రాంతంలో హైదరాబాద్‌లో పగలు 11 గంటలకు పైనే ఉంటే, ఢిల్లీలో సుమారు 10 గంటల 20 నిమిషాలే. సంక్రాంతి రోజుల్లో అక్కడ సూర్యుడు ఉదయం 7.15 ప్రాంతంలో ఉదయిస్తాడు. పొగమంచు, కాలుష్యం కమ్మేస్తే మధ్యాహ్నం దాకా ఎండ కనబడదు. పాత రాజేంద్ర నగర్, ముఖర్జీ నగర్‌లలో సివిల్స్‌కు సిద్ధమయ్యేవారికి ఇరుకు గదుల్లో, గురుగ్రామ్, నోయిడా ఉద్యోగులకు ఆఫీసుల్లో పగలంతా ట్యూబ్‌లైట్ల కిందే గడిచిపోతుంది.

ఈ నెలల్లో ఏటా దిగులు కమ్ముకునేవారికి పరిష్కారమంటూ బల్ల మీద పెట్టుకునే లైట్ థెరపీ ల్యాంపులు ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. అవసరమైనవారు సరైన మోతాదులో వాడితే ఇవి పనిచేస్తాయి. లేకపోతే డబ్బు దండగ. కొందరికి ప్రమాదం కూడా.

ఏమిటీ సమస్య?

అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో పనిచేసిన నార్మన్ రోసెంతాల్, ఆయన సహచరులు 1984లో దీన్ని ‘సీజనల్ ఎఫెక్టివ్ డిజార్డర్’ పేరుతో వర్ణించారు. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, అతినిద్ర, అన్నం, స్వీట్ల వంటి వాటి మీదికి మనసు పోవడం, బరువు పెరగడం దీని లక్షణాలు. వరుసగా కనీసం రెండేళ్లు అదే కాలంలో వచ్చి, ఎండలు ముదిరేసరికి తగ్గిపోవడం ముఖ్యమైన గుర్తు. ఇప్పుడు వైద్యులు దీన్ని విడి జబ్బుగా కాకుండా, డిప్రెషన్ లేదా బైపోలార్ డిజార్డర్ ఒక కాలాన్ని అనుసరించి వచ్చే తీరుగా చూస్తున్నారు.

ఈ సమస్యపై ఎక్కువ పరిశోధన జరిగింది భూమధ్యరేఖకు బాగా దూరంగా ఉన్న దేశాల్లో. లండన్‌లో అతి చిన్న పగలు 8 గంటలు కూడా ఉండదు. దాంతో పోలిస్తే ఢిల్లీలో పగటి కాలం మరీ తక్కువేమీ కాదు. అక్కడ వెలుతురు తగ్గడానికి పొగమంచు, కాలుష్యం, గదుల్లోనే గడిపే జీవితం కూడా కారణాలు. ఒంటరితనం, పరీక్షల ఒత్తిడి, రక్తహీనత, థైరాయిడ్ లోపం, బీ12 లోపం వల్లా ఇలాంటి నీరసమే రావచ్చు. చలికాలంలో వచ్చే ప్రతి దిగులూ వెలుతురు కొరత వల్లనే అనుకోకూడదు.

వెలుతురు చేసే పని

కంటి రెటీనాలోని కొన్ని ప్రత్యేక కణాలు చూపుతో నిమిత్తం లేకుండా వెలుతురు తీవ్రతను పసిగట్టి, మెదడులోని జీవగడియారానికి చేరవేస్తాయి. పొద్దున్నే పడే ప్రకాశవంతమైన వెలుతురు ఆ గడియారాన్ని సరిచేస్తుంది. నిద్రకు సంబంధించిన మెలటోనిన్ విడుదలను అణచివేస్తుంది.

2006లో వెలువడిన కెనడా అధ్యయనంలో 96 మంది రోగులను రెండు వర్గాలుగా చేశారు. ఒక వర్గానికి లైట్ థెరపీ, మరో వర్గానికి ఫ్లూఆక్సెటిన్ మందు ఇచ్చారు. 8 వారాల తర్వాత రెండింటిలోనూ మూడింట రెండు వంతుల మంది మెరుగయ్యారు.

మోతాదు ఎంత?

సాధారణంగా సూచించేది 10,000 లక్స్ తీవ్రతతో రోజూ 20 నుంచి 30 నిమిషాలు. నిద్ర లేచిన గంటలోపే వాడాలి. సాయంత్రం వాడితే రాత్రి నిద్ర చెడుతుంది. ల్యాంపును కాస్త పక్కగా పెట్టుకుని, కళ్లు తెరిచి పేపర్ చదువుకుంటూనో టిఫిన్ చేస్తూనో కూర్చోవచ్చు. దానికేసి నేరుగా చూడకూడదు.

కొనేముందు చూడాల్సింది దూరం. పెట్టె మీద 10,000 లక్స్ అని ఉన్నా, కొన్ని చిన్న ల్యాంపులు ముఖానికి బాగా దగ్గరగా ఉంటేనే అంత వెలుతురు ఇస్తాయి. దూరం రెట్టింపైతే తీవ్రత నాలుగో వంతుకు కూడా పడిపోవచ్చు. ఎంత దూరంలో ఎన్ని లక్స్ అన్నది తయారీదారు చెప్పకపోతే కొనకపోవడమే మంచిది. తెల్లని వెలుతురుతో, అతినీలలోహిత కిరణాలను వడకట్టే ల్యాంపునే ఎంచుకోవాలి. ఆ కిరణాలు ఉండవు కాబట్టి దీనివల్ల విటమిన్ డి రాదు.

ఫలితం ఒకటి రెండు వారాల్లో తెలుస్తుంది. చలికాలం మధ్యలో మానేస్తే లక్షణాలు తిరిగి రావచ్చు.

ముందు ఎండ, తర్వాతే ల్యాంప్

ఇంట్లో దీపాల వెలుతురు సాధారణంగా 100 నుంచి 500 లక్స్ మధ్య ఉంటుంది. ఎండ నేరుగా పడేచోట అది లక్ష లక్స్‌కు చేరగలదు. మబ్బు పట్టిన రోజున కూడా ఆరుబయట వేల లక్స్ ఉంటుంది. కాబట్టి గాలి బాగున్న రోజున పొద్దుటి నడకే ఖర్చు లేని వైద్యం.

చిక్కల్లా గాలి బాగాలేని రోజులతోనే. వాయు నాణ్యత సూచీ 400 దాటి ‘తీవ్రం’ స్థాయికి చేరితే బయట నడవడమే హాని. ఢిల్లీలో ల్యాంపుకు నిజంగా పని పడేది అప్పుడే. మిగతా రోజుల్లో కర్టెన్లు తీసి, కిటికీకి ఆనుకుని కూర్చున్నా కొంత మేలే.

ఎవరు జాగ్రత్తపడాలి?

బైపోలార్ డిజార్డర్ ఉన్నవారు సొంతంగా మొదలుపెట్టకూడదు. ప్రకాశవంతమైన వెలుతురు వారిలో ఉన్మాద స్థితిని రేపవచ్చు. మధుమేహం వల్ల గానీ మరే కారణంతో గానీ రెటీనా దెబ్బతిన్నవారు ముందుగా కంటి వైద్యుణ్ని అడగాలి. డాక్సీసైక్లిన్ వంటి, వెలుతురుకు సున్నితత్వం పెంచే మందులు వాడేవారూ అంతే. నైట్ షిఫ్టుల వారికి పొద్దుటి నియమం వర్తించదు. వాడే వేళను వైద్యులే నిర్ణయించాలి. తలనొప్పి, కళ్లు అలసిపోవడం, వికారం కొందరిలో కనిపిస్తాయి. సమయం తగ్గించినా, ల్యాంపును కాస్త దూరం జరిపినా ఇవి సాధారణంగా సర్దుకుంటాయి.

దిగులు రెండు వారాలు దాటినా, రోజువారీ పనులు ఆగిపోతున్నా సైకియాట్రిస్టును కలవాలి. ఢిల్లీలో ఎయిమ్స్, దిల్షాద్ గార్డెన్‌లోని ఇహ్బాస్ వంటి ప్రభుత్వ సంస్థల్లో మానసిక వైద్యం అందుతుంది. చనిపోవాలన్న ఆలోచనలు వస్తే ల్యాంపు ఫలితం కోసం ఎదురుచూడకూడదు. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో రాత్రీపగలూ ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడవచ్చు.