డైనోసార్ అస్థిపంజరాన్ని నిలబెట్టడం

తవ్వకాల్లో దొరికిన డైనోసార్ ఎముకలను లోహపు చట్రంపై పేర్చి, బతికున్న జంతువు భంగిమలో మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టే పని ఇది. శిలాజశాస్త్రం చెప్పినదాన్ని కమ్మరి, శిల్పి కలిసి చేసి చూపాలి. ఖనిజాలు చేరి రాయిగా మారిన ఎముక చాలా బరువుంటుంది, పైగా పెళుసు. అందుకే దానికి ఎక్కడ ఊత ఇవ్వాలన్నదే ఇందులో పెద్ద చిక్కు.

ఎముకను చుట్టూ ఉన్న రాతితో సహా తవ్వి తీసి, గోనెపట్టను ప్లాస్టర్‌లో ముంచి కట్టు కట్టి తరలిస్తారు. ప్రయోగశాలలో ఆ కట్టు విప్పి, గాలి ఒత్తిడితో కదిలే సూదిమొన పరికరాలతో ఎముకకు అంటుకున్న రాతిని కొద్దికొద్దిగా రాల్చేస్తారు. పగుళ్లలోకి పారలాయిడ్ బి-72 వంటి జిగురును పలుచగా కలిపి ఎక్కిస్తారు. అసిటోన్‌తో ఎప్పుడైనా కరిగించి తీసేయవచ్చు కనుక ఈ జిగురుకు ఆదరణ ఎక్కువ.

పూర్వం ఎముకలకు బెజ్జాలు వేసి ఇనుప కడ్డీలు దూర్చేవారు. చట్రం కనబడక చూడ్డానికి బాగుండేది గానీ ఎముక పాడయ్యేది. ఇప్పుడు ఎముక వంపుకు సరిపడేలా ఉక్కు పట్టీలను కాల్చి వంచి, బయటినుంచే పట్టి ఉంచుతున్నారు. షికాగోలోని ఫీల్డ్ మ్యూజియం 2000లో ప్రదర్శించిన ‘స్యూ’ అనే టి. రెక్స్ డైనోసార్ అస్థిపంజరంలో పక్క ఎముకలను కదపకుండా ఏ ఎముకనైనా విడిగా తీసి పరీక్షించవచ్చు. దాని తల మాత్రం సుమారు 270 కిలోలు. అంత బరువును మెడపై నిలపలేక నకలు తల అమర్చి, అసలు తలను విడిగా అద్దాల పెట్టెలో ఉంచారు.

భంగిమ ఆనాటి శాస్త్రజ్ఞానాన్ని బట్టి ఉంటుంది. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీలో 1915 నుంచి టి. రెక్స్ తోక నేలకానించి నిటారుగా నిలబడేది. కానీ డైనోసార్ల అడుగుజాడల్లో తోక ఈడ్చిన గుర్తులు దాదాపు కనబడవు. అందుకే 1990లలో ఆ అస్థిపంజరాన్ని ఊడదీసి, వెన్ను నేలకు సమాంతరంగా, తోక గాలిలో ఉండేలా మళ్లీ కట్టారు.

ప్రదర్శనలో ఉన్న ఎముకలన్నీ ఒకే జంతువువి అనుకోనక్కర్లేదు. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న బారపాసారస్ అనే డైనోసార్ అలా పలు జంతువుల ఎముకలతో కూర్చినదే. మహారాష్ట్ర సిరొంచ తాలూకాలోని పోచంపల్లి (చీరల పోచంపల్లి కాదు) దగ్గర దొరికిన సుమారు 300 ఎముకలు కనీసం ఆరు జంతువులవి. హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్‌లోని కోటాసారస్ అనే డైనోసార్ కథా ఇంతే. ప్రాణహిత–గోదావరి లోయలో యామన్‌పల్లి వద్ద భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ తవ్విన 840 ఎముకల్లో కనీసం 12 జంతువుల అవశేషాలున్నాయి. పి. యాదగిరి 1988లో ఈ జాతికి పేరు పెట్టారు. రెండింటికీ పళ్లు దొరికాయి గానీ పుర్రె దొరకలేదు. కాబట్టి ప్రదర్శనలో కనబడే తల దగ్గరి జాతులను చూసి ఊహించి చేసిందే.

ఈ ఊహ తప్పే అవకాశమూ లేకపోలేదు. పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మ్యూజియంలో అపాటోసారస్ అనే డైనోసార్ మొండెంపై కొన్ని దశాబ్దాలు కామరాసారస్ అనే వేరే డైనోసార్ తల ఉండేది; 1979లో దాన్ని మార్చారు. ఏది అసలు ఎముక, ఏది నకలు అన్నది పక్కనే ఒక బొమ్మ గీసి చూపితే సందర్శకుడికి మేలు. చాలాచోట్ల ఆ బొమ్మ ఉండదు.